పచ్చ గీత

తూకంలో వాడెప్పుడూ తప్పలేదు.
పదకొండు కిలోల మూడొందలు.
పచ్చ గీత మీద పెసరగింజలా ఒక చుక్క.
నేనే పెట్టాను ఆ చుక్క,
పర్లాకిమిడి కొమ్ముపనివాళ్ల వీధి అంగన్‌వాడీలో,
పద్దెనిమిదేళ్లుగా చుక్కలు పెడుతున్న చేత్తో.

వాడికి రెండు పేర్లు.
ముందు ఇద్దరు దక్కలేదని నాయనమ్మ సవరాలమ్మ
చేటలో పడుకోబెట్టి, దోసెడు తవుడుకి అమ్మి, మళ్లీ కొని
తవుడు అంది.
తల్లి సుకాంతి ఒడియా పిల్ల. తపన్ అంది.
రెండిటికీ తిరిగి చూడడు.
"ఏ పేరుకని తిరుగుతాడమ్మా,
గుంటడు తికమక పడతన్నాడు" అని వీధంతా నవ్వింది.
నేనూ నవ్వాను.

మాటలు రాలేదేమంటే
అందరి దగ్గరా జవాబుంది.
వాళ్ల నాన్న నీలాచలానికి నాలుగో ఏట గానీ రాలేదట.
ఇంట్లో తెలుగు, పెరట్లో ఒడియా, టీవీలో హిందీ,
మూడు నీళ్లు కలిసిన చోట
ముందు బురదే కదా తేలేది.
సవరాలమ్మ వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాసింది.
సరిహద్దులో బతికేవాళ్లం,
దేనికైనా అవతలి ఒడ్డు మీద నెపం పెట్టడం
మాకు అలవాటు.

చెవుడేమో అనుకున్నాను ఒకసారి.
వెనక నిలబడి పళ్లెం మోగించాను. ఊహూఁ.
పక్క గదిలో బిస్కెట్ పొట్లం చింపితే
పరుగెత్తుకొచ్చాడు.
వినపడుతోంది. మేమే వినపడటం లేదు.

నీలాచలం కొమ్ముతో కొంగలు చెక్కుతాడు.
రాలిన పెచ్చుల్ని వాడు గడప పొడుగునా
ఒకే వరసలో పేర్చేవాడు.
ఎవరైనా ఒక్కటి కదిపితే
వీధి మలుపు దాకా ఏడుపు.
తండ్రి పనితనం వచ్చిందన్నారు.

గుడ్డు కావాలంటే నా మణికట్టు పట్టుకుని
గిన్నె మూత మీద పెట్టేవాడు,
నా మొహం చూడకుండా,
నా చెయ్యి తలుపు గొళ్లెమైనట్టు.
దాన్ని నేను ప్రేమ అనుకున్నాను.
ప్రేమ కూడా అయుండొచ్చు.
అయిదు నెలలు అనుకున్నాను.
ఆ అయిదు నెలలు నా రిజిస్టర్లో ఎక్కడా లేవు.

కార్తీక పున్నమికి కరెంటు పోయింది.
అరుగు మీద సుకాంతి వేలెత్తి జహ్నమాము అంది,
నేను చందమామ అన్నాను.
మా రెండు భాషలూ కీచులాడుకోని చోటు అదొక్కటే,
రెండింట్లోనూ చంద్రుడు మేనమామే.
వాడు నా వేలి కొస చూశాడు.
వేలు పట్టుకుని వాసన చూశాడు.
పైకి చూడలేదు.
మళ్లీ చూపించాను. మళ్లీ వేలే.

అప్పుడు తట్టింది.
కుక్కనీ, కాకినీ, దారిన పోయే బస్సునీ
వాడు ఇంతవరకూ
ఎవరికీ చూపించలేదు.
మాటకి భాష కావాలి సరే,
చూపుడువేలుకి ఏ భాష కావాలి?

మర్నాడు చెప్పాను.
"నా మనవడికి పిచ్చని రాత్తావేటే" అని
సవరాలమ్మ నా గొడుగు వీధిలోకి విసిరింది.
నీలాచలం చెక్కుతున్న కొంగ మెడ విరిగింది.
సుకాంతి మాత్రం బియ్యంలో రాళ్లు ఏరుతూ,
తలెత్తకుండా,
"మూ జాణే" అంది.
తెలుసట.
తెలిసిన మాటని ఏ భాషలో చెప్పాలో తెలీక
ఒక్కతే మోస్తోందట.

బరంపురం బస్సులో నాలుగున్నర గంటలు.
ఆస్పత్రిలో ప్రశ్నలు ఒడియాలో,
సవరాలమ్మ జవాబులు తెలుగులో,
మధ్యలో నేను.
"రెండున్నరకే తెచ్చారు, మంచిది" అన్నారామె.
ఆ ఒక్క మాటా సవరాలమ్మకి చెప్పకుండా
కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు చుక్క పెట్టే ముందు
ప్రతి పిల్లకీ పెంకుల మీది కాకిని చూపిస్తాను.
కాకి ఎగిరిపోయినా
కాసేపు వేలు దించను.

తవుడు ఇంకా నా మణికట్టే పట్టుకుంటాడు.
నేను వెంటనే మూత తియ్యను,
అలా ఆగమని నేర్పారు.
ఆగినప్పుడు వాడి కళ్లు మెల్లగా
నా గడ్డం దాకా వస్తాయి.
నిన్న ముక్కు దాకా.